పదకొండో గడి

భూమి కొలిచే రోవర్ కర్రకున్న నీటిబుడగ గీతల మధ్యకు వచ్చేదాకా త్రివేణి ఊపిరి బిగబట్టింది. గవిగుట్ట మీద గాలి దేన్నీ కుదురుగా నిలవనివ్వదు. రెండు చేతులా కర్రను పట్టుకుని, కాళ్లు రాళ్ల సందుల్లో ఎడంగా ఆనించి, ట్యాబు తెర మీద అంకెలు ఆగేదాకా నిలబడింది. ఆగగానే నొక్కి, చున్నీతో ముఖం తుడుచుకుంది.

“పుల్లన్నా, తరవాత రాయి యాడుండాది?”

తలారి పుల్లన్న కొడవలితో కంపను పక్కకు వంచి పట్టుకున్నాడు. “ఇదో మేడమ్. తల ఇరిగిపోయింది గానీ హద్దురాయి ఇదే. మా నాయన సూపించి పోయినాడు.”

నల్లగుండ్లపల్లి సచివాలయంలో త్రివేణి సర్వేయరు. చేరి ఇరవై నెలలైంది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఊరికి దక్షిణాన గవిగుట్టా, దాని కింది చదునూ కలిపి నూట ఎనభై ఆరు ఎకరాల సర్కారు భూమి ఉంది. బెంగళూరు రోడ్డు అక్కడికి నాలుగు కిలోమీటర్లే. ఆ భూమిలో పారిశ్రామికవాడ పెట్టాలని పైన అనుకున్నారు. త్రివేణి మూడు రోజుల్లో హద్దులు కొలిచి, పదహారు గడుల ఫారం నింపి మండల సర్వేయరు శశికుమార్‌కు ఇవ్వాలి. సోమవారం ఊళ్లో సభ.

బస్సులోంచి చూస్తే ఆ గుట్ట ఎప్పుడూ బోసిగానే కనిపించేది. మొదటి రోజు పది గంటలకల్లా అది తను అనుకున్న గుట్ట కాదని తెలిసింది. ఏడో రాయి దగ్గర అరవై డెబ్బై గొర్రెలు అడ్డం వచ్చాయి. వాటి వెనక భుజాన గొంగడితో, చేతిలో పొడుగాటి కట్టెతో ఆదెన్న వచ్చాడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఆమె చేతిలోని కర్రను చూసి నవ్వాడు.

“ఏమ్మా, నువ్వు గూడా మేపను వచ్చినావా?”

“కొలతలకు తాతా. నువ్వు దినామూ ఈడికే వస్తావా?”

“ఈ కాలంలో ఇంగ యాడికి పోవల్ల? కింద సేన్లలో సెనిక్కాయ ఉండాది. ఒక్క గొర్రె నోరు పెట్టినా కొట్లాటే. పంట పెరికేదాకా మాకు గుట్టే.”

ఎండ ముదిరాక ఆయనే వాళ్లను దొన దగ్గరికి తీసుకుపోయాడు. రెండు పెద్ద బండల నడుమ వాననీళ్లు నిలిచే గుంట అది. ఎండాకాలంలో కూడా అడుగున తడి ఆరదట. ఏటా వానలకు ముందు గొర్రెలోళ్లందరూ కలిసి అందులో పూడిక తీస్తారట. ఆదెన్న మందను ఒక్కసారిగా దిగనివ్వలేదు. పదేసి గొర్రెలను వదిలాడు. తాగినవాటిని కట్టెతో మెల్లగా తట్టి పైకి తోలి, నాలుక చప్పరించి తరవాతి పదింటిని పిలిచాడు. అన్నీ తాగేసరికి అరగంట పట్టింది. నీళ్లు మాత్రం బురద కాలేదు. త్రివేణి ఆ దొనకు కూడా ఒక గుర్తు పెట్టుకుంది, ఫారంలో దానికి గడి లేకపోయినా.

రెండో రోజు పడమటి వాలులో పని. వాలంతా సీతాఫలం చెట్లే. బుట్టలు పట్టుకుని ఏడెనిమిది మంది ఆడవాళ్లు చెట్ల మధ్య అక్కడక్కడా కనిపించారు. వాళ్లలో పెద్దామె, చెవులకు కమ్మలు కూడా లేని మనిషి, త్రివేణిని కేకేసింది.

“పాపా, ఆ కొమ్మ కొంచెం వంచు. నాకు అందదు.”

త్రివేణి రోవరు పుల్లన్నకిచ్చి కొమ్మ వంచింది. ఆమె పేరు హనుమంతమ్మ. కాయ మీద బొటనవేలు ఆనించి చూపించింది. “కండ్ల నడుమ ఇట్ల తెల్లగా ఇచ్చుకుంటేనే కొయ్యల్ల. పచ్చగా ఉన్నది కోస్తే నల్లబడి పోతాది, తినను రాదు.” చెప్తూనే రెండు కోసింది, మూడోదాన్ని వదిలేసింది. తెల్లారి ఆరింటికి ఆటోలో బుట్టలు బెంగళూరు రోడ్డు మీదికి చేరాలి. కార్లు ఆగేది అప్పుడే.

“ఈ చెట్లెవరివి పెద్దమ్మా?”

“సర్కారువి.” హనుమంతమ్మ బుట్ట చంకకు మార్చుకుంది. “సర్కారువే గానీ ఈ వరస మాది. ఆ బండ కాణ్ణుంచి అవతల ఆంజినమ్మోల్లది. మా అత్త కాలం నుంచీ ఇంతే. ఒకరి వరసలో ఇంగొకరు సెయ్యి పెట్టరు.”

“మొత్తం ఎన్నిండ్లోల్లు వస్తారు?”

హనుమంతమ్మ బుట్ట కింద పెట్టి, చెట్ల వైపు చూస్తూ వేళ్లు మడిచింది. త్రివేణి సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆమె చెప్పిన పేర్లన్నీ రాసుకుంది. మూడో రోజు సాయంత్రానికి సీతాఫలాలోళ్లు, చీపురుగడ్డి కోసేవాళ్లు, గొర్రెలోళ్లు కలిపి నలభై ఒక్క ఇళ్ల పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. కింది చదునులో మాత్రం ఎవరూ కనిపించలేదు. అది సౌడు నేల, తెల్లగా పొక్కులెత్తి ఉంది. అక్కడ కాసేపు నిలబడితే చెప్పుల అంచులకు ఉప్పు అంటింది.

శుక్రవారం మధ్యాహ్నం శశికుమార్ ఆమె తెచ్చిన ఫారం మీద వేలు పెట్టి ఒక్కొక్క గడి చదువుతూ వచ్చాడు. ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషి. కొలతల్లో గజం తేడా ఉన్నా పట్టేస్తాడు. పదో గడి దాకా తల ఊపుతూనే ఉన్నాడు. పదకొండో గడి దగ్గర వేలు ఆగింది. ‘భూమి ప్రస్తుత వినియోగం’ అని ఉన్నచోట త్రివేణి చిన్న అక్షరాలతో గడి నిండా రాసింది, చాలక పక్క అంచులోకీ పోయింది.

“ఏందమ్మా ఇది, ఇంత రాసినావు?”

“చూసింది రాసినాను సార్.”

“రికార్డులో ఏముండాది? గుట్ట పోరంబోకు. మేతబీడు అని ల్యాదు, తోపు అని ల్యాదు.”

“రికార్డులో ల్యాదు సార్. గుట్ట మీద ఉండాది. పైన చెట్లుండాయి, దొన ఉండాది. కింద చదును మాత్రం ఖాళీనే.”

“ఒక సర్వే నంబరుకు ఒకటే జవాబు రాయల్ల. సగం ఖాళీ, సగం కాదు అంటే దాన్ని ఎవురు చదువుతారు?” ఆయన గొంతు పెంచలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “సూడు త్రివేణీ. నలభై కుటుంబాలు ఉండాయని రాస్తే ఇంగో ఎంక్వైరీ పడతాది. ఆరు నెలలు పోతాది. ఈలోపల ఫ్యాక్టరీ పెట్టను వచ్చేటోడు పక్క మండలానికి పోతాడు. మా అక్క కొడుకు దినామూ మూడు గంటలకు లేసి బెంగళూరికి పోయి వస్తాండాడు. ఇట్లాంటోళ్లు ఈ ఊర్లో ఎంతమందో నీకు తెలుసునా?”

త్రివేణి ఫారం మూల మడత సరిచేసింది.

“నీ ప్రొబేషన్ ఫైలు నా బల్ల మీదనే ఉండాది. బెదిరిస్తాండానని అనుకోవద్దు. గుర్తు చేస్తాండాను, అంతే.” సొరుగు లాగి కొత్త ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు. “అన్ని ఊర్లోల్లూ ఇచ్చేసినారు. మనదే మిగిలింది.”

త్రివేణి అక్కడే, ఆయన బల్ల చివర కూర్చుని మొదటి గడి నుంచి మళ్లీ రాసింది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు. చేయి అలవాటుగా సాగిపోయింది. పదకొండో గడిలో ‘ఖాళీ’ అని రాసింది. రెండే అక్షరాలు. గడిలో చాలా చోటు మిగిలిపోయింది. పన్నెండో గడిలో, ఆధారపడిన కుటుంబాల దగ్గర, ‘లేవు’ అని రాసింది. సంతకం పెట్టి ఇచ్చేసరికి శశికుమార్ టీ తెప్పించాడు. ఆమె సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

శనివారం పొద్దున హిందూపురం బస్సు బెంగళూరు రోడ్డు మలుపులో నెమ్మదించింది. రోడ్డు పక్కన వరసగా బుట్టలు, వాటి వెనక చిరిగిన గొడుగు నీడలో హనుమంతమ్మ. కిటికీలోంచి త్రివేణిని చూసి, చెయ్యెత్తి, “పాపా!” అని పిలిచింది. త్రివేణి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరూ లేరు. బస్సు కదిలి, ఆ బుట్టలు వెనకబడేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

సోమవారం బడి ఆవరణలో షామియానా వేశారు. జిల్లా నుంచి వచ్చిన ప్రత్యేకాధికారి ప్రణీత్ ఇంకా ముప్పై నిండని మనిషి. పెద్ద టీవీ తెర మీద ఊరి మ్యాపు చూపిస్తూ మాట్లాడాడు. గవిగుట్ట, కింది చదును అంతా ఒకే లేతపసుపు రంగులో ఉంది. దాని మీద బూడిదరంగు చతురస్రాలు, ఫ్యాక్టరీ షెడ్లవి. పడమటి వాలు మీదుగా ఒక నల్లగీత, రోడ్డుది. త్రివేణి వేదిక పక్కన శశికుమార్ వెనక నిలబడి ఉంది.

“ఈ నూట ఎనభై ఆరు ఎకరాలు పూర్తిగా ఖాళీ భూమి,” అన్నాడు ప్రణీత్ చేతిలోని కాగితం చూసి. “దీని మీద ఆధారపడిన కుటుంబం ఒక్కటి కూడా లేదు. అంటే ఈ ఊళ్లో ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. వచ్చే పనులు మాత్రం మీకే.”

చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఓబిలేష్, హనుమంతమ్మ కొడుకు. ఐటీఐ చదివి, హిందూపురం దగ్గర ఒక మిల్లులో రోజుకూలీకి పోతున్నాడు. లేచి మైకు అందుకున్నాడు.

“సార్, మాకు ఆలస్యం వద్దు. చదువుకున్నోళ్లం ముప్పై మందిమి ఉండాం. బిరీన మొదలుపెట్టండి.”

మళ్లీ చప్పట్లు. అవి ఆగాక వెనక వరసలోంచి ఆదెన్న లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. “సామీ, మా గొర్లు యాడికి పోవల్ల?”

ప్రణీత్ కాగితం తిప్పి చూశాడు. “ఇక్కడ మేత ఏమీ లేదని రాశారు పెద్దాయనా. మీరు వేరే ఏదైనా భూమి గురించి చెప్తున్నారేమో.”

“ఏమప్పా ఆదెన్నా, కూర్చో,” అన్నాడు ముందు వరసలోని నాగేశ్వర. చదునుకు ఆనుకుని ఆయనకు ఇరవై ఎకరాల పట్టా భూమి ఉంది. “మంచి పనికి అడ్డం మాట్లాడొద్దు.”

ఆదెన్న కాసేపు అట్లాగే నిలబడి, కూర్చున్నాడు. కూర్చున్నాక గొంగడి అంచు సరిచేసుకున్నాడు. ఇంకెవరూ లేవలేదు. ప్రణీత్ తీర్మానం పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు హనుమంతమ్మ లేచింది. వేదిక వైపు చూడలేదు. త్రివేణి వైపు చూసింది.

“పాపా, మూడు దినాలు గుట్ట మీద ఉంటివి. మమ్మల్ని చూసినావా, ల్యాదా? అది ఒక్కటి సెప్పు.”

“మ్మా, నువ్వు కూర్చో,” అన్నాడు ఓబిలేష్ పళ్ల బిగువున.

“ఉండ్రా. ఫ్యాక్టరీ వద్దని నేనంటినా? రానీ. నీకు పని దొరకల్ల. కానీ నేనాడ ల్యానే ల్యానని రాస్తే ఎట్లరా? ముప్పై ఏండ్లు ఆ గుట్ట ఎక్కి దిగితి. నిన్ను చదివించింది ఆ చెట్లే కదా.”

శశికుమార్ వెనక్కి తిరగలేదు. కానీ ఆయన మెడ బిగుసుకోవడం త్రివేణికి కనిపించింది. పొరపాటున కొందరు తిరుగుతుంటారు అని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. హనుమంతమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆ చూపులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగిన మనిషిలా ఉంది. అదే త్రివేణికి భరించరానిదైంది.

“చూసినాను,” అంది.

మైకు లేకపోయినా అందరికీ వినిపించింది.

ప్రణీత్ ఆమె వైపు తిరిగాడు. “మరి రిపోర్టు?”

“రిపోర్టు తప్పు సార్. నేనే రాసినాను.” సంచిలోంచి నోటుబుక్కు తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. “నలభై ఒక్క కుటుంబాలు. పడమటి వాలులో సీతాఫలాలు ఇరవై ఆరిండ్లు. చీపురుగడ్డి తొమ్మిది. గొర్రెల మందలు ఆరు. పేర్లుండాయి. చదవమంటే చదువుతాను.”

“చదవండి,” అన్నాడు ప్రణీత్.

ఆమె చదివింది. ఒక్కో పేరు వినబడగానే జనంలో ఆ ఇంటివాళ్లు కొంచెం నిటారుగా కూర్చోవడం కనిపించింది. ఆదెన్న పేరు రాగానే ఆయన, బడిలో హాజరు పలికినట్టు, “ఉండా” అన్నాడు. ఎవరో నవ్వారు. కానీ ఆ తరవాత పేరుకు కూడా వెనకనుంచి “ఉండా” అని వినిపించింది. ఆ తరవాతి పేరుకూ వినిపించింది.

తీర్మానం రాయలేదు. ప్రణీత్ పుస్తకం మూసేశాడు. “మూడు రోజులు. మళ్లీ కొలవండి. ఈసారి ఎక్కడ ఏముందో విడివిడిగా రాయండి,” అని లేచాడు. నాగేశ్వర కుర్చీని కాలితో వెనక్కి తోసి వెళ్లిపోయాడు. జనం చెదిరిపోతుంటే ఓబిలేష్ త్రివేణికి ఎదురు వచ్చి ఆగాడు.

“మేడమ్, ఈ ఫ్యాక్టరీ పక్క మండలానికి పోయిందనుకోండి, నేను మిమ్మల్నే అడుగుతా.”

“అడుగు,” అంది.

మర్నాడు గుట్ట కింద పుల్లన్నతో పాటు ఓబిలేష్ కూడా నిలబడి ఉన్నాడు. మిల్లుకు పోలేదు. సాయానికి వచ్చానని చెప్పలేదు. కనిపెట్టి ఉండడానికి వచ్చాడని ముఖమే చెప్తోంది. పొద్దంతా దూరంగా నడిచాడు. ఆమె సీతాఫలం చెట్ల అంచు వెంబడి, దొన చుట్టూ, గొర్రెలు ఎక్కే దోవ వెంబడి ఒక్కొక్క చోటా కర్ర నాటి కొలుచుకుంటూ పోయింది. ఆ రెండో రోజు, ట్యాబులో చెట్ల అంచు గీత మీదికి రోడ్డు గీత రావడం చూసి అతనే దగ్గరికి వచ్చాడు.

“రోడ్డు ఈ వాలు మీంచి ఎందుకు పెట్టినారు మేడమ్?”

“మ్యాపులో అదే దగ్గర.”

“మ్యాపులో దగ్గర. ఈడ బండలుండాయి, లారీ ఎక్కదు. నేను దినామూ బండి మీద పోయేది చదునులో నుంచే. నాగేశ్వరన్న పట్టా పక్కన పాత బండ్లబాట ఉండాది. నేరుగా పెద్దరోడ్డుకు తగులుతాది.” ఆగి, అయిష్టంగా అన్నాడు, “సూపిస్తా రాండి.”

ముగ్గురూ ఆ బాట వెంబడి నడిచారు. కొలిస్తే మ్యాపులోని రోడ్డు కంటే నాలుగు వందల మీటర్లు ఎక్కువ. కానీ ఒక్క చెట్టు కొట్టాల్సిన పని లేదు. సౌడు నేల మొత్తం లెక్క కడితే నూట ఇరవై ఎనిమిది ఎకరాలు వచ్చింది. షెడ్లన్నీ అందులో పట్టేస్తాయి. పైనున్న యాభై ఎనిమిది ఎకరాలు ఎట్లా ఉన్నవి అట్లా వదిలేయొచ్చు. ఓబిలేష్ ట్యాబు తెర మీదికి వంగి ఆ అంకెను రెండుసార్లు చదివాడు.

“అంటే రెండూ ఉండొచ్చు,” అన్నాడు, తనలో తనే.

శుక్రవారం ప్రణీత్ మండలాఫీసులో కొత్త కొలతలు చూశాడు. పెన్సిలుతో పాత రోడ్డు గీత మీద అడ్డంగా ఒక గీటు గీశాడు. “పైకి పంపుతాను. వాళ్లు ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను,” అన్నాడు. ఫైలు మూస్తూ త్రివేణికి ఒక కాగితం ఇచ్చాడు. అది మెమో. ఒకే భూమికి వారం వ్యవధిలో రెండు విరుద్ధమైన నివేదికలు ఎందుకిచ్చారో మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలి. “ఇది ఇవ్వక తప్పదు,” అన్నాడు. ఆ మాట ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

సోమవారం పొద్దున ఆఫీసులో ఇంకా ఎవరూ రాలేదు. శశికుమార్ ఒక్కడే ఉన్నాడు. సభ అయిన దగ్గర్నుంచీ ఆయన ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు ఆమెను పిలిచి, టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపాడు.

“సంజాయిషీ. నీ తరఫున నేనే రాసినాను. వేరే సర్వే నంబరు ఫారం చూసి పొరపాటున ఎక్కించినావని ఉండాది. రాతలో పొరపాటు కింద పోతాది. ప్రొబేషన్‌కు ఏం కాదు. సంతకం పెట్టు సాలు.”

త్రివేణి చదివింది. ఆయన జాగ్రత్తగా రాశాడు. ఎక్కడా ఎవరికీ తగలదు. మడిచి ఆయన బల్ల మీదే పెట్టి, తన సంచిలోంచి చేత్తో రాసిన కాగితం తీసి ఇచ్చింది.

“నేను రాసుకొచ్చినాను సార్.”

శశికుమార్ అద్దాలు పెట్టుకున్నాడు. అందులో నాలుగే వాక్యాలున్నాయి. మొదటి నివేదిక అబద్ధమని తెలిసే సంతకం పెట్టాను. గుట్ట మీద కుటుంబాలు ఉన్న సంగతి అప్పటికే నా నోటుబుక్కులో ఉంది. రెండో నివేదిక చూసింది చూసినట్టు రాసింది. తీసుకునే చర్యకు సిద్ధంగా ఉన్నాను.

ఆయన కాగితం చివరిదాకా చదివి, మళ్లీ పైకి వెళ్లాడు. ఫ్యాను గాలికి కాగితం అంచు కొట్టుకుంటుంటే వేలితో నొక్కి పట్టాడు.

“నా పేరు ల్యాదే ఇందులో?”

“మీరు నా చెయ్యి పట్టి రాయించలేదు కదా సార్. రాసింది నేనే.”

“ఇది పోతే నీకు ఇంక్రిమెంటు ఆగుతాది. ప్రొబేషన్ ఇంగో ఏడాది పొడిగిస్తారు. తెలుసు కదా?”

“తెలుసు సార్. ఇంట్లో అమ్మకు గూడా చెప్పినాను.”

“ఏమనింది?”

“మగ్గం దిగి వచ్చి అన్నం పెట్టింది.”

శశికుమార్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల పాసుపుస్తకాల కోసం వచ్చిన ముగ్గురు రైతులు అరుగు మీద కూర్చున్నారు. ఆయన వాళ్ల వైపు చూస్తున్నట్టే ఉన్నాడు. తరవాత తను టైపు చేయించిన కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి, ముక్కలు జేబులో పెట్టుకున్నాడు.

“మొదట నువ్వు తెచ్చిన ఫారంలో అన్నీ ఉండాయి,” అన్నాడు. “మార్చమని చెప్పింది నేను. అది రాయకుంటే ఇది గూడా తప్పు రిపోర్టే.”

“వద్దు సార్. మీకు ఇంగా...”

“కూర్చో.”

పెన్ను మూత తీసి, ఆమె సంతకం కింద కొంచెం చోటు వదిలి రాయడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా పటాల మీద పేర్లు రాసిన చేయి అది. అక్షరాలు గుండ్రంగా, ఎడం సమంగా పడ్డాయి. మధ్యలో ఒకసారి ఆగి, తేదీ కోసం గోడ క్యాలెండరు చూశాడు. రాసింది మూడు వరసలే అయినా సమయం పట్టింది. సంతకం పెట్టి, దాని కింద తన హోదా రాసి, కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

“చదువు. తప్పులుంటే చెప్పు.”

త్రివేణి చదివింది. మెల్లగా, ఒక్కో మాట మీదా ఆగుతూ చదివింది.

“తప్పుల్లేవు సార్,” అంది.